ఒక్కరి వరుస

స్కాట్లాండ్ పటంలో మమ్మల్ని ఓ మూలన
పెట్టె గీసి అందులో వేస్తారు.
గాలికి ఇష్టమైతేనే మా దీవికి విమానం వస్తుంది,
ఎనిమిది సీట్లది, పైలట్ మోచెయ్యి మన భుజానికి తగులుతుంది.
పొద్దున నేను చిన్నపిల్లల బడిలో టీచర్ని,
విమానం వేళకి రన్‌వే పక్కన ఫైర్ సిబ్బందిని,
శుక్రవారాల్లో పోస్టాఫీసు కిటికీ కూడా నాదే.
మనుషులు తగ్గారు గానీ
పనులు తగ్గలేదు.

బడిలో కోట్లు తగిలించే కొక్కేలు పదకొండు.
పది ఖాళీ.
పఫిన్ పిట్ట బొమ్మ ఉన్నదానికి
ఓస్లా పసుపు రెయిన్‌కోటు.

చట్టం ప్రకారం ప్రతి బిడ్డకూ
ఏడాదికి వెయ్యిన్నూట నలభై గంటలు.
కొన్నిటిని గాలి తినేస్తుంది,
గొర్రెలు ఈనే రోజుల్లో కొన్ని పోతాయి,
మిగిలినవన్నీ ఓస్లావే.
ఇసుక తొట్టి ఆమెదే, ఎర్ర ట్రాక్టరు ఆమెదే.
"నాదీ!" అని అరవాల్సిన అవసరం
నాలుగేళ్ళకే తీరిపోయింది పాపం.

చేతులు కడుక్కోవడానికి వరుసలో వెళ్ళాలి, అది నియమం.
రోజూ ఆమే ముందు.
రోజూ ఒకసారి వెనక్కి తిరిగి చూస్తుంది.
"అందరూ వచ్చారా?" అంటాను.
"వచ్చాను" అంటుంది.

జనవరిలో కౌన్సిల్ ఉత్తరం.
నేనే సంచిలోంచి తీసి, నేనే ముద్ర కొట్టి,
నాకే ఇచ్చుకున్నాను.
మూసివేత అనలేదు, ఆ మాటంటే జనం కోప్పడతారు.
చలికోట్లకి కలరా ఉండలు వేసి పెట్టెలో పెట్టినట్టు
బడిని దాచిపెడతారట,
మళ్ళీ పిల్లలు పుడితే తీసి దులుపుకోవచ్చట.
ఎవరు కంటారు?
లైట్‌హౌస్ ఇంట్లో గిబ్బీకి డెబ్భై,
అతని కుక్కకి పద్నాలుగు.

ఫిబ్రవరిలో అధికారి వచ్చాడు, మిస్టర్ హాల్‌క్రో.
చేతిలో ఫైలు, కాళ్ళకి మెరిసే బూట్లు,
నాలుగింటికి తిరుగు విమానం.
మూడింటికి పొగమంచు దిగింది.

మర్నాడు ఏమీ తోచక బడికే వచ్చాడు.
చిన్న కుర్చీలో కూర్చుంటే
మోకాళ్ళు చెవుల దాకా లేచాయి.
ఓస్లా అతన్ని చాలాసేపు చూసి
నీటికుక్క బొమ్మ ఉన్న కొక్కెం చూపించింది.
కోటు బరువుకి అది కాస్త వంగింది.
ట్రాక్టరు దగ్గర గొడవైంది.
"నాదీ!"
వంటగదిలో పాలగిన్నె పట్టుకుని
నేనలాగే నిలబడిపోయాను,
ఎంత ముద్దొచ్చిందో ఆ స్వార్థం.

చేతులు కడుక్కునే వేళకి
వరుసకి తలా తోకా వచ్చాయి.
"నువ్వు తోక" అందామె అతనితో.
"తోక తలుపు వెయ్యాలి."
మూడు రోజులు వేశాడు,
చప్పుడు కాకుండా, శ్రద్ధగా.

నాలుగోరోజు గాలి తిరిగింది.
వెళ్ళేముందు హాజరు పుస్తకం అడిగాడు.
అతని కోసం ఓస్లా గీసిన మూడు నీలం గీతల్ని
వేలితో తడిమాడు.
నేనేమీ అడగలేదు.
మంచివాడే.
మంచివాళ్ళకీ లెక్కల పట్టికలుంటాయి,
వాటిలో ఒకటి ఎంత బతిమాలినా ఒకటే.

ఏప్రిల్లో బడి తాళంచెవి నా జేబులోకి వచ్చింది.

ఈ సోమవారం
వాళ్ళమ్మతో పెద్ద దీవి బడికి బయల్దేరింది ఓస్లా.
గురువారం దాకా పిన్ని ఇంట్లో ఉంటుంది.
అక్కడ పిల్లలు ఇరవై ముగ్గురు,
ట్రాక్టర్లు ఎన్నో ఇంకా తెలీదు.
నేను హెల్మెట్ పెట్టుకుని, నీళ్ళ గొట్టం పక్కన.
నాకు కూతురు కాదు, మనవరాలు కాదు,
ఏ వరుసా కాదు.
రెక్క కింద ఆగి, అలవాటుగా,
వెనక్కి తిరిగి చూసింది.

డ్యూటీలో ఉన్నవాళ్ళు తెల్లగీత దాటకూడదు.
దాటాను.
వెళ్ళి ఆమె వెనక నిలబడ్డాను.
"అందరూ వచ్చారా?" అంది.
"వచ్చాను" అన్నాను.

వాళ్ళు ఎక్కాక
విమానం తలుపు నేనే వేశాను.